నేరం హీరోది... తీర్పు చదువరిది!

హీరో దొంగ. కాదంటే హంతకుడు. అదీ కాదంటే, కళ్లెదుట జరిగిన ఘోరాన్ని కడుపులో దాచుకుని రోజూ బడికెళ్లి వచ్చే పదహారేళ్ల పిల్ల. పుస్తకం మూసేటప్పటికి వాళ్లను అసహ్యించుకోలేం, అలాగని శభాష్ అనీ అనలేం. ఇలాంటి గ్రే షేడ్స్ ఉన్న హీరోలతో వచ్చే టీనేజ్ మిస్టరీ థ్రిల్లర్లకు ఇప్పుడు ప్రపంచమంతటా గిరాకీ ఉంది. వీటిని చదివి పిల్లలు ఎక్కడ చెడిపోతారోనని పెద్దలకు బెంగ. కానీ ఈ తరహా కథల ముచ్చట్లన్నీ ఒకచోట పేర్చి చూస్తే అసలు ఆకర్షణ నేరంలో లేదని తెలుస్తుంది. తప్పెవరిదో, ఎంతవరకో తేల్చే పనిని ఈ పుస్తకాలు చదువరికే అప్పగిస్తాయి. పదిహేనేళ్ల వాళ్లకు ఇంట్లోనూ బడిలోనూ అంత తేలిగ్గా దక్కని గౌరవం అది.

జంధ్యంతో గోడ కొలిచిన దొంగ

మనసుకు నచ్చే దొంగ ఈనాటివాడు కాడు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ మూడో అంకంలో శర్విలకుడనే బ్రాహ్మణ యువకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. ప్రియురాలు మదనికను దాస్యం నుంచి విడిపించడానికి అతనికి డబ్బు కావాలి. కొలతాడు మరిచిపోయి వచ్చాడు కాబట్టి మెడలోని జంధ్యంతోనే గోడ కొలుస్తాడు. విచ్చిన తామరలా తవ్వాలా, సూర్యబింబంలానా, నెలవంకలానా అని ఆలోచించి, కాల్చిన ఇటుకల గోడకు పూర్ణకుంభం ఆకారమే నప్పుతుందని తేల్చుకుంటాడు. తీరా అతను ఎత్తుకెళ్లిన నగలు మదనిక యజమానురాలు వసంతసేనవే!

దండి ‘దశకుమారచరితం’లోని అపహారవర్మ రాజకుమారుడే అయినా చంపానగరంలో లోభుల ఇళ్లకు కన్నాలు వేస్తాడు. ఈ కావ్యాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చి తిక్కనకు అంకితమిచ్చాడు. సంస్కృత మూలంలో ఇంకో వింత కూడా ఉంది. ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు నొచ్చిన మంత్రగుప్తుడు తన కథనంతా ప, ఫ, బ, భ, మ వంటి పెదవులు కలిసే అక్షరాలేవీ లేకుండా చెబుతాడు.

హోమ్స్ ఇంటివాళ్లలోనే ఓ దొంగ

షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ చెల్లెలు కాన్‌స్టెన్స్ భర్త పేరు ఇ.డబ్ల్యు. హార్నంగ్. ఆయన కూడా రచయితే. బావగారు డిటెక్టివ్‌ను పుట్టిస్తే ఈయన ఏకంగా దొంగనే హీరోను చేశాడు. పగలు క్రికెట్ ఆడే పెద్దమనిషిగా, రాత్రిళ్లు నగల దొంగగా తిరిగే ఆ రాఫెల్స్ కథల సంపుటిని 1899లో డాయిల్‌కే అంకితమిచ్చాడు. డాయిల్ ఆ కథల్లోని నేర్పును మెచ్చుకున్నా, నేరస్థుణ్ని హీరోగా చూపించడం మాత్రం తగదని తన ఆత్మకథలో రాశాడు. నేటికీ నడుస్తున్న చర్చ ఇదే. అది ఒకే ఇంటివాళ్ల మధ్య, అదీ ఇంత సాహిత్య స్థాయిలో నడిచిన సందర్భం నాకు ఇంకొకటి గుర్తుకు రాదు.

అరెస్టుతో ఆరంభం, ఆరేళ్లకే చోరీ

ఫ్రెంచి రచయిత మారిస్ లెబ్లాంక్ సృష్టించిన ఆర్సేన్ లుపాన్ 1905లో ‘జ సే తూ’ పత్రికలో పాఠకుల ముందుకు వచ్చాడు. దొంగల కథలు సాధారణంగా అరెస్టుతో ముగుస్తాయి. లుపాన్ తొలి కథ పేరే ‘ఆర్సేన్ లుపాన్ అరెస్టు’!

ఇతని మొదటి దొంగతనం మాత్రం ఆరేళ్ల వయసులో జరిగింది. అతని తల్లి ఒక సంపన్న దంపతుల ఇంట తలదాచుకుంటుంది. ఆ కౌంటెస్ ఒకప్పటి స్నేహితురాలని కూడా చూడకుండా ఆమెతో పనిమనిషిలా చాకిరీ చేయించుకుంటుంది. వాళ్లింట్లో చరిత్రకెక్కిన ఓ రవ్వల హారం మాయమవుతుంది. పెద్దవాళ్లెవరూ పట్టని సందులోంచి దూరి దాన్ని తీసింది ఆ పసివాడేనని ఎవరికీ తట్టదు. అనుమానం మాత్రం తల్లి మీద పడుతుంది, ఆమెను ఇంట్లోంచి వెళ్లగొడతారు. ఆ తర్వాత ఎవరు పంపారో తెలియని డబ్బు ఆమెకు టపాలో అందుతూ ఉంటుంది. కొడుకు ఆమె కోసమే దొంగతనం చేశాడు, ఆమెకు నీడ పోయిందీ ఆ దొంగతనం వల్లే. ఇది చదివిన పిల్లలకు ఏది న్యాయమో ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ఈ కథలే ప్రేరణగా ఒమార్ సీ నటించిన ‘లుపాన్’ 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. అమెరికాలో ఆ సంస్థ టాప్ 10 జాబితాలోకి చేరిన తొలి ఫ్రెంచి సిరీస్ అదే.

పదిహేనేళ్లకు మొదలు, పద్దెనిమిదికి పుస్తకం

టీనేజ్ పాఠకుల కోసం వేరే సాహిత్యం ఉండాలన్న ఆలోచనకు ఊపిరి పోసింది ఓ టీనేజ్ అమ్మాయే. అమెరికాలోని టల్సా నగరానికి చెందిన ఎస్.ఇ. హింటన్ ‘ది అవుట్‌సైడర్స్’ను పదిహేనేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టింది. 1967లో అది అచ్చయ్యేసరికి ఆమెకు పద్దెనిమిది. రాసింది అమ్మాయని తెలిస్తే సమీక్షకులు చిన్నచూపు చూస్తారని ప్రచురణకర్తలు పేరుకు బదులు పొడి అక్షరాలు వేయించారు. ఇందులో స్నేహితుణ్ని కాపాడబోయి ఓ కుర్రాడు హత్య చేస్తాడు. కాలిఫోర్నియాలోని ఓ బడి పిల్లలు సంతకాలు సేకరించి, దీన్ని సినిమాగా తీయమని ‘గాడ్‌ఫాదర్’ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలాకు పంపారు. ఆయన 1983లో తీశాడు కూడా.

అచ్చులో ఆ నలుగురూ చావలేదు

లోయిస్ డంకన్ 1973లో రాసిన ‘ఐ నో వాట్ యు డిడ్ లాస్ట్ సమ్మర్’లో నలుగురు కుర్రకారు కారులో వెళ్తూ సైకిల్ మీదున్న ఓ పిల్లవాణ్ని ఢీకొడతారు. వాడు చనిపోతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని నలుగురూ ఒట్టు పెట్టుకుంటారు. ఏడాది తిరిగేసరికి, మీరు చేసింది నాకు తెలుసంటూ ఉత్తరం వస్తుంది. 1997లో దీన్ని సినిమాగా తీసినప్పుడు కొక్కెంతో నరికే హంతకుణ్ని పెట్టి తెరంతా రక్తం చిందించారు. పుస్తకంలోనైతే ఆ నలుగురిలో ఒక్కరూ చావరు, దాచిన తప్పే వాళ్లను లోలోపల తినేస్తుంది. రచయిత్రి ఆ సినిమాను ఎందుకు అంతగా ఏవగించుకుందో తెలిస్తే గుండె బరువెక్కుతుంది. 1989లో ఆమె సొంత కూతురు పద్దెనిమిదేళ్లకే తుపాకీ కాల్పుల్లో హత్యకు గురైంది. ఆ తర్వాత డంకన్ టీనేజ్ థ్రిల్లర్లకు చాలావరకు దూరమైంది. కూతుర్ని ఎవరు చంపారన్న అన్వేషణనే 1992లో పుస్తకంగా రాసింది.

ఎడ్గార్ అలన్ పో పేరిట అమెరికా మిస్టరీ రచయితల సంఘం ఇచ్చే అవార్డుల్లో యంగ్ అడల్ట్ విభాగానికి తొలి బహుమతి 1989లో సోనియా లెవిటిన్ ‘ఇన్సిడెంట్ ఎట్ లోరింగ్ గ్రోవ్స్’కు దక్కింది. అందులోనూ శవాన్ని చూసి, తమ గుట్టు బయటపడుతుందని నోరు మెదపని పిల్లలే ముఖ్య పాత్రలు.

తొలి ప్రింట్జ్ అందుకున్న ముద్దాయి

అమెరికా గ్రంథాలయ సంఘం వారి మైకేల్ ఎల్. ప్రింట్జ్ అవార్డు యంగ్ అడల్ట్ సాహిత్యానికి పెద్ద గౌరవం. 2000లో మొట్టమొదటి ప్రింట్జ్ అందుకున్న పుస్తకంలో హీరో హత్య కేసులో ముద్దాయి. అది వాల్టర్ డీన్ మైయర్స్ 1999లో రాసిన ‘మాన్‌స్టర్’.

న్యూయార్క్‌లోని హార్లెంలో ఓ మందుల దుకాణం దోపిడీలో యజమాని చనిపోతాడు. లోపల ఎవరైనా ఉన్నారేమో చూసి చెప్పాడన్న ఆరోపణ మీద పదహారేళ్ల స్టీవ్ హార్మన్ బోనెక్కుతాడు. సినిమాలంటే పిచ్చి ఉన్న స్టీవ్ తన విచారణను సినిమా స్క్రిప్టులా రాసుకుంటాడు. మధ్యమధ్యలో జైలు డైరీ పేజీలు వస్తాయి. స్క్రిప్టులో కెమెరా ఎటు తిరగాలో చెప్పేది అతనే. కాబట్టి ఏం చూపిస్తున్నాడో, ఏం చూపించకుండా తప్పిస్తున్నాడో మనమే కనిపెట్టాలి. చివరికి నిర్దోషి అని తీర్పు వస్తుంది. ఆనందం పట్టలేక కేసు గెలిపించిన లాయరమ్మను హత్తుకోబోతాడు. ఆమె ముఖం తిప్పుకుంటుంది. తనలో ఆమెకు ఏం కనిపించిందన్న ప్రశ్న స్టీవ్‌ను వదలదు. కోర్టు పని అయిపోయినా చదివినవాళ్ల పని అవదు. అతణ్ని వదిలేయాలా వద్దా అని ఒక తరగతిలో ముప్పై మంది చదివితే ముప్పై వాదనలు లేస్తాయి. గ్రే షేడ్స్ హీరో పుస్తకం ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే నేను ముందుగా చేతిలో పెట్టేది దీన్నే.

పన్నెండేళ్ల కిడ్నాపర్

ఐర్లండ్‌లో బడిపంతులుగా పనిచేసిన ఓయిన్ కోల్ఫర్ 2001లో ‘ఆర్టెమిస్ ఫౌల్’తో ఒక పన్నెండేళ్ల నేర మేధావిని సృష్టించాడు. ఇతను బంగారం కోసం ఏకంగా ఓ దేవకన్యల పోలీసు అధికారిణినే ఎత్తుకొస్తాడు. మొదటి పుస్తకం పేజీల అడుగున వింత గుర్తులతో ఓ రహస్య సందేశం సాగుతుంది. దాని గుట్టు విప్పడానికి పిల్లలు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. నేరస్థుడి కథ చదువుతూ వాళ్లు నేర్చుకున్నది డిటెక్టివ్ పని!

40 సెకన్లలో మరణం

జపాన్ మాంగా ‘డెత్ నోట్’ 2003 చివర మొదలై 2006 దాకా వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మొత్తం 108 అధ్యాయాలు, 12 సంపుటాలు. కథ త్సుగుమి ఓబా, బొమ్మలు తకేషి ఒబాటా. చదువులో ఎప్పుడూ ఫస్టు వచ్చే లైట్ యగామికి ఒక నోటుపుస్తకం దొరుకుతుంది. ముఖం తలుచుకుంటూ అందులో పేరు రాస్తే చాలు, కారణం రాయకపోతే ఆ మనిషి 40 సెకన్లలో గుండెపోటుతో పోతాడు. ముందు నేరస్థుల పేర్లు రాస్తాడు. తర్వాత తనకు అడ్డొచ్చిన వాళ్లవి. హంతకుడి కోసం గాలించే పోలీసు బృందానికి నాయకుడు స్వయానా అతని తండ్రే. 2015లో చైనా నిషేధించిన 38 మాంగా, యానిమే జాబితాలో ఇదీ ఉంది. అయితే కథను చివరిదాకా చదివినవాళ్లకు తెలుసు, లోకాన్ని బాగుచేస్తానని బయల్దేరినవాడు ఏ పేరు దగ్గర దారి తప్పాడో వెతకడమే ఈ కథలో అసలు మిస్టరీ అని.

పదిమందీ దోషులే

ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన మిస్టరీ నవలగా పేరొందినది అగాథా క్రిస్టీ 1939 నాటి ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’. 10 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని అంచనా. దీవి మీదికి చేరిన పదిమందిలో ప్రతి ఒక్కరి వెనకా, చట్టం పట్టుకోలేని ఓ చావు ఉంటుంది. ఈ ఎత్తుగడనే బడికి తెచ్చినట్టుంటుంది 2017లో కారెన్ ఎం. మెక్‌మానస్ రాసిన ‘వన్ ఆఫ్ అజ్ ఈజ్ లైయింగ్’. శిక్షగా బడి వదిలాక కూర్చోబెట్టిన ఐదుగురిలో ఒకడు చనిపోతాడు. మిగిలిన నలుగురి రహస్యాలూ అతని దగ్గరున్నాయి, కాబట్టి నలుగురూ అనుమానితులే. మనకు కథ చెప్పేదీ ఆ నలుగురే.

ఊరు మారిన హత్య, వెనక్కి నడిచిన కథ

హాలీ జాక్సన్ 2019లో రాసిన ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’లో పిప్ అనే బుద్ధిమంతురాలు స్కూలు ప్రాజెక్టు పేరుతో పాత హత్య కేసు తవ్వుతుంది. బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకంలో ఇది ఇంగ్లండ్‌లోని ఓ ఊళ్లో జరుగుతుంది. అమెరికా ప్రతిలో మాత్రం ఆ ఊరంతా కనెటికట్ రాష్ట్రానికి తరలిపోయింది! 2021లో వచ్చిన మూడో పుస్తకానికి చేరేసరికి, చట్టం తనను కాపాడదని తేలాక పిప్ తానే గీత దాటుతుంది. ‘గుడ్ గర్ల్’ అన్న మాటను అంతదాకా నమ్మిన పాఠకులు అక్కడ రెండు పక్షాలుగా చీలిపోయారు.

ఇ. లాక్‌హార్ట్ 2017 నవల ‘జెన్యూన్ ఫ్రాడ్’ 18వ అధ్యాయంతో మొదలై వెనక్కి నడుస్తుంది. ముందు మోసం కనిపిస్తుంది, కారణాలు తర్వాత తెలుస్తాయి. దీనికి ప్రేరణ పట్రీషియా హైస్మిత్ 1955లో సృష్టించిన టామ్ రిప్లీ. ఐదు నవలల్లోనూ చట్టానికి చిక్కని హంతకుడతను.

ఉరిశిక్ష మీద మనవాడి పందెం

తెలుగులో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను నేరానికి ఈవలి ఒడ్డున నిలబెడితే, యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ ఆ గీతను చెరిపేసింది. ఉరిశిక్షను రద్దు చేయించాలన్న పట్టుదలతో ఓ యువ లాయరు, చేయని హత్యకు తానే ముద్దాయిగా నిలబడే పథకం వేస్తాడు. నిర్దోషికి కూడా ఉరి పడగలదని నిరూపించడానికి కోర్టునే మోసం చేస్తాడు. పథకం బెడిసికొట్టి ఉరితాడు నిజంగానే మెడ దగ్గరికి వస్తుంది. 1983లో చిరంజీవి హీరోగా సినిమా అయిన ఈ కథలో ఆశయం గొప్పది, దారి మాత్రం తప్పు. ఆ రెంటినీ ఏ తక్కెడలో తూచాలన్న వాదన అప్పటి కాలేజీ కుర్రకారుకు ఎంత సూటిగా తగిలిందో, ఇప్పటివాళ్లకూ అంతే సూటిగా తగులుతుంది.

ఇన్ని శతాబ్దాల ఈ వరసలో కలకాలం నిలిచిన కథలేవీ నేరాన్ని తేలిగ్గా వదిలేయలేదు. శర్విలకుడు దోచింది ప్రియురాలి యజమానురాలి సొమ్మే అయింది. లుపాన్ తల్లి వీధిన పడింది. స్టీవ్‌కు తీర్పు దక్కినా లాయరు కళ్లలో నమ్మకం దక్కలేదు. ఏ హీరో ఎంత మూల్యం చెల్లించాడో లెక్క చూసేది, ఆ లెక్క సరిపోయిందో లేదో చెప్పేది చదువరే. అందుకే పిల్లల చేతుల్లోంచి ఈ పుస్తకాలు లాక్కోవద్దని నా మనవి. మంచివాళ్ల కథలు మంచిని చూపిస్తాయి, ఈ కథలు మంచిచెడులను వేరుచేసే పని పిల్లల చేతనే చేయిస్తాయి. రేపు ఓటు వేయాల్సినవాళ్లు, సాక్ష్యం చెప్పాల్సినవాళ్లు, స్నేహితుడు తప్పు చేస్తే నోరు విప్పాలో వద్దో తేల్చుకోవాల్సినవాళ్లు వాళ్లే కదా. ఆ సాధన పదిహేనో ఏటే మొదలవడం మంచిది.