జ్వరం తగ్గింది కదా అని లైట్ తీసుకోవద్దు: డెంగీ దోమ అసలు ఎలా పనిచేస్తుంది?

వానలు మొదలయ్యాయో లేదో, మన కామెంట్ బాక్స్ నిండా ఒకటే ప్రశ్న. "అన్నా, ప్లేట్‌లెట్స్ లక్షకి పడిపోయాయి, డేంజరా?" ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి కోడ్ రాసుకుంటూ ఇటు వచ్చినవాడిని. మీ రిపోర్ట్ చూసి మందులు చెప్పను. కానీ ఆ దోమ ఏం చేస్తుంది, ఆ వైరస్ ఏం చేస్తుంది అన్నది ఒకసారి అర్థమైతే, ఏ రోజు ఆస్పత్రికి వెళ్లాలో మీకే తెలుస్తుంది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

మొదట దోమ సంగతి. మనల్ని కుట్టేది ఆడదోమ మాత్రమే. మగదోమ పూల తేనె తాగి బతికేస్తుంది. నిజానికి ఆడదోమ కడుపు నిండేది కూడా ఆ తీపి రసాలతోనే. మరి రక్తం ఎందుకు? గుడ్లకి. గుడ్లు తయారవ్వాలంటే ప్రొటీన్ కావాలి, అది మన రక్తంలో ఉంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, చెమట వాసన, వీటిని పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. అందుకే లైట్ ఆపేసి దుప్పటి కప్పుకున్నా కరెక్ట్‌గా చెవి దగ్గరికే వస్తుంది.

దాని ముక్కు ఒక సూది అనుకుంటాం కదా, కాదు. ఒక తొడుగు లోపల ఆరు సన్నని సూదులు ఉంటాయి. కొన్ని చర్మాన్ని కోస్తాయి, ఒకటి రక్తం పీలుస్తుంది, ఇంకొకటి లాలాజలం లోపలికి పంపిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి ఆ లాలాజలం. మనకి దురద పెట్టేది దానికే. మొత్తం గొడవంతా కూడా అక్కడే ఉంది, ఎందుకంటే డెంగీ వైరస్ మన ఒంట్లోకి వచ్చేది ఆ లాలాజలంతోనే.

ఇక్కడ చాలామంది మిస్సయ్యే పాయింట్ ఒకటి చెప్తా. దోమ ఈ రోజు ఒక డెంగీ పేషెంట్‌ని కుట్టి, రేపు మిమ్మల్ని కుడితే మీకు డెంగీ వచ్చేస్తుందా? మామూలుగా రాదు. వైరస్ ముందు దోమ పొట్టలోకి వెళ్లాలి, అక్కడ పెరగాలి, తర్వాత ఒళ్లంతా పాకి లాలాజల గ్రంథుల దాకా చేరాలి. మన దగ్గరుండే వాతావరణంలో దీనికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఒక్కసారి చేరిందంటే మాత్రం ఆ దోమ చచ్చేదాకా అంటిస్తూనే ఉంటుంది.

దోమ లోపల జరిగే ఇలాంటి ఒక ప్రయాణం గుట్టు బయటపడింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాద్‌లో. అది డెంగీ కాదు, మలేరియా. రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ మిలిటరీ డాక్టర్, పుట్టింది మన దేశంలోనే, అల్మోరాలో. ఆయన లార్వాల నుంచి దోమల్ని పెంచి, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించాడు. దోమకి ఒక అణా చొప్పున ఆయనకి డబ్బులిచ్చాడు కూడా. పది దోమలు, పది అణాలు. తర్వాత ఒక్కో దోమనీ కోసి మైక్రోస్కోప్ కింద చూస్తూ వెళ్లాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనపడింది. ఆగస్టు వేడిలో, ఉక్కపోతలో చేసిన పని అది. ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. ఇప్పటికీ ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినం అంటారు. బేగంపేట పాత ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆయన పేరుతో ఉన్న బిల్డింగ్ పక్క నుంచి రోజూ ఎన్ని వేల బైకులు వెళ్తాయో, ఎంతమందికి ఈ కథ తెలుసో!

సరే, ఎవరు ఏం మోసుకొస్తారో గబగబా చెప్పేస్తా. మలేరియా అనాఫిలిస్ దోమ, ఎక్కువగా రాత్రిపూట. బోదకాలు క్యూలెక్స్ దోమ, మురుగునీటిలో పెరుగుతుంది, మన కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్లకి బాగా తెలుసు. మెదడువాపు కూడా ఆ జాతి దోమే, కాకపోతే వరిపొలాల్లో పెరిగే రకం. డెంగీ, చికున్‌గున్యా మాత్రం ఏడిస్ దోమ. కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే, మళ్లీ సాయంత్రం చీకటి పడేముందు. కాబట్టి రాత్రి ఒక్కపూట కాయిల్ వెలిగించి డెంగీ నుంచి సేఫ్ అనుకుంటే లాభం లేదు.

ఇంకో విషయం. ఏడిస్‌కి డ్రైనేజీ అక్కర్లేదు, ఇంట్లో నిలవున్న మంచినీళ్లు చాలు. కూలర్, మూతలేని డ్రమ్ము, ఫ్రిజ్ వెనక ట్రే, మనీ ప్లాంట్ సీసా, పెరట్లో వాడకుండా పడేసిన రుబ్బురోలు, కొబ్బరి బొండాలు, టైర్లు. అది గుడ్లు పెట్టేది నీటి మట్టానికి కాస్త పైన, గోడకి అంటించినట్టు. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. అంటే కూలర్‌లో నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడల్ని బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. గుడ్డు నుంచి ఎగిరే దోమ అవ్వడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టే, మున్సిపాలిటీవాళ్లు వారానికోసారి డ్రై డే అంటారు. దోమ రిలీజ్ అయ్యేలోపు మనం బిల్డ్ క్యాన్సిల్ చేస్తున్నాం అన్నమాట.

ఇప్పుడు అసలు పాయింట్. కుట్టిన 4 నుంచి 10 రోజులకి జ్వరం వస్తుంది. 103, 104, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచేసినట్టు. ఈ టైమ్‌లో పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేసుకోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది. మూడో రోజుకో ఐదో రోజుకో జ్వరం దిగిపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. డెంగీలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

పీజీలో ఉన్నప్పుడు మా రూమ్మేట్‌కి ఇదే జరిగింది. ఐదో రోజు పొద్దున 98 డిగ్రీలు. లాప్‌టాప్ తెరిచి ఆఫీసుకి లాగిన్ అయ్యాడు. మధ్యాహ్నానికి కడుపులో నొప్పి, నాలుగైదుసార్లు వాంతులు, చేతులు చల్లబడ్డాయి. "గ్యాస్ రా, పడుకుంటే తగ్గిపోద్ది" అంటాడు వాడు. ఫోన్‌లో వాళ్ల అమ్మగారు ఒక్కటే మాట, "బాబూ, నువ్వు వాడి మాట వినకు, ఆటో ఎక్కించు". ఎక్కించా. అక్కడ డ్యూటీ డాక్టర్ ప్లేట్‌లెట్స్ కన్నా ముందు బీపీ చూశాడు, పీసీవీ అడిగాడు. సెలైన్ పెట్టి రెండు రోజులు గంట గంటకీ చూసుకున్నారు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఈ ఎపిసోడ్ కూడా చూస్తాడు.

పీసీవీ ఎందుకు అడిగాడంటే, జ్వరం దిగే టైమ్‌కి కొందరిలో సన్న రక్తనాళాలు లీక్ అవుతాయి. రక్తంలోని నీటి భాగం, ప్లాస్మా, బయటికి జారిపోతుంది. మిగిలిన రక్తం చిక్కబడుతుంది, అందుకే మీ సీబీసీ రిపోర్ట్‌లో పీసీవీ పెరుగుతుంది. బీపీ పడిపోతుంది. ప్రాణం మీదకి తెచ్చేది ఎక్కువగా ఇదే. ఈ దశ ఒకటి రెండు రోజులే ఉంటుంది, ఆ టైమ్‌లో లెక్క ప్రకారం ఫ్లూయిడ్స్ ఇస్తే చాలామంది బయటపడతారు. మనం మాత్రం ప్లేట్‌లెట్స్ నంబర్ పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో డోనర్ల కోసం పరిగెడుతుంటాం. సర్వర్ పడిపోతుంటే డాష్‌బోర్డ్‌లో ఒక్క గ్రాఫ్‌నే చూస్తూ కూర్చున్నట్టు. రక్తస్రావం లేకపోతే, కౌంట్ 10 వేల కిందకి పడితే తప్ప ప్లేట్‌లెట్స్ ఎక్కించక్కర్లేదని మన దేశ గైడ్‌లైన్సే చెప్తున్నాయి. బొప్పాయి ఆకు రసం తాగుతానంటారా, మీ ఇష్టం, కానీ అది తాగుతూ ఆస్పత్రికి వెళ్లడం మాత్రం ఆపొద్దు.

ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, విపరీతమైన నీరసం లేదా స్థిమితం లేకపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం. వీటిలో ఒక్కటున్నా థర్మామీటర్ ఎంత చూపించినా వెంటనే ఆస్పత్రికి. ఇంతకుముందు ఒకసారి డెంగీ వచ్చినవాళ్లు ఇంకా జాగ్రత్త. డెంగీలో నాలుగు రకాలున్నాయి, రెండోసారి వేరే రకం వస్తే సీరియస్ అయ్యే ఛాన్స్ ఎక్కువ.

చివరగా, జ్వరంతో ఉన్నవాళ్లని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టండి. అది వాళ్ల కోసం కాదు, మీ కోసం. ఆ రోజుల్లో వాళ్ల రక్తంలో వైరస్ ఉంటుంది, ఇంట్లో దోమ అక్కడే ఎక్కించుకుంటుంది. ఏడిస్ కొన్ని వందల మీటర్లకు మించి పెద్దగా ఎగరదు. దోమలో 8 నుంచి 12 రోజులు, మనిషిలో 4 నుంచి 10 రోజులు కూడండి. పక్క ఫ్లాట్‌లో ఒకరికి డెంగీ అని తెలిస్తే, రెండు మూడు వారాల తర్వాత వచ్చే జ్వరాన్ని మామూలు వైరల్ ఫీవర్ అనుకోకుండా టెస్ట్ చేయించుకోండి. మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1, ఆ తర్వాత అయితే ఐజీఎం.

ప్రశ్నలుంటే కామెంట్‌లో పెట్టండి, రిపోర్టులు మాత్రం డాక్టర్‌కి చూపించండి. ఉంటా మరి.