వార్తల్లో పదం: డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్

కొత్త అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీరు ఊరుతుంటే బాగుచేయించాల్సింది ఎవరు? 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) సెక్షన్ 14(3) దీనికి జవాబు చెబుతోంది. ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలోనో, పనితనంలోనో, నాణ్యతలోనో లోపం బయటపడి కొనుగోలుదారు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం ఇవ్వాలి. ఈ అయిదేళ్ల గడువే డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్.

వానలకు భూగర్భజల మట్టం సెల్లార్ నేలకన్నా పైకి లేస్తే, ఆ ఒత్తిడికి నీరు పగుళ్లు, కాంక్రీట్ అతుకుల గుండా లోపలికి వస్తుంది. దాన్ని తట్టుకునేలా వాటర్‌ప్రూఫింగ్ చేయకపోవడం పనితనపు లోపమే. తప్పు వాన మీదకు నెట్టడం న్యాయం కాదు.

ఊట కనిపించగానే ఫొటోలు తీసి, బిల్డర్‌కు రాతపూర్వకంగా తెలపండి. స్పందన లేకుంటే రాష్ట్ర రెరా ప్రాధికార సంస్థను ఆశ్రయించండి.