ఫొటో చేతులు మారితే... తీసినవాడికేంటి?

ఒక గులాబీ పువ్వు ఫొటో. ఖరీదు పది లక్షల డాలర్లు! అప్పటి లెక్కన మన డబ్బుల్లో ఆరు కోట్ల పైమాటే. 2018లో ప్రేమికుల రోజున పదిమంది కలిసి దాన్ని కొన్నారు. పోనీ తెచ్చి గోడకి తగిలించుకున్నారా అంటే అదీ లేదు. వాళ్లకు దక్కింది 'రోజ్' అనే డిజిటల్ టోకెన్‌లో తలా పదో వంతు. డబ్బు కట్టింది కూడా క్రిప్టోకరెన్సీలోనే.

ఆ ఫొటో తీసినాయన ఐర్లాండ్‌కు చెందిన కెవిన్ అబోష్. వచ్చిన సొమ్మును పిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్పే కోడర్‌డోజో ఫౌండేషన్‌కి ఇచ్చేశాడు. అంతకుముందు ఆయన పేరు మోగింది ఆలుగడ్డతో! నల్లటి నేపథ్యంలో ఒకే ఒక్క ఆలుగడ్డ. 2010లో తీసిన ఆ ఫొటో పది లక్షల యూరోలకు అమ్ముడైందన్న వార్త 2016లో ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత జనం తన పనిని వదిలేసి ధరనే చూస్తున్నారనిపించిందట ఆయనకి. దాంతో 2018 జనవరిలో 'ఐయామా కాయిన్' పేరుతో, అంటే 'నేనే నాణేన్ని' అన్న అర్థంలో, కోటి టోకెన్లు తయారుచేశాడు. వంద కాగితాల మీద వాటి డిజిటల్ చిరునామాని తన రక్తంతోనే ముద్ర వేశాడు. కాస్త అతిగానే ఉంది కదూ! కానీ కళాకారుడికి ధర కట్టేది ఎవరు, అందులో అతనికి మిగిలేది ఎంత అన్న ప్రశ్న మాత్రం అతి కాదు.

ఆ ప్రశ్న మన కొడిమ్యాల దాకా వస్తుంది. అక్కడ ఓ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఉన్నాడనుకుందాం. ముహూర్తాల రోజుల్లో తిండీ నిద్రా మాని తీసిన ఫొటోలు... వాటి మీద హక్కు ఎవరిది? అతనిది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. వేరే ఒప్పందం ఉంటే తప్ప.

సరే, అతనే ఓ రోజు సరదాపడి కొండగట్టుకి వెళ్లాడు. మాల వేసుకున్న అంజన్న భక్తుల్ని ఫొటో తీశాడు. దీని మీద హక్కు అతనిదే. ప్రింటు ఒకటి పది వేలకి అమ్మాడు. కొన్నాయన కొన్నేళ్లాగి పది లక్షలకి అమ్ముకున్నాడు. అందులో మనవాడి వాటా? సున్నా! మళ్లీ అమ్మినప్పుడు కళాకారుడికి వాటా ఇవ్వాలన్న నిబంధన చట్టంలో లేకపోలేదు. 1994లో చేర్చారు. అసలు ప్రతి పది వేల రూపాయలు దాటి అమ్ముడైతే పది శాతం దాకా అడగొచ్చు. అయితే అది పెయింటింగులకి, శిల్పాలకి, రేఖాచిత్రాలకి, రచనల రాతప్రతులకి. ఫొటో ఆ జాబితాలో లేదు.

క్రిప్టో ఫొటోగ్రాఫర్లని ఊరించింది సరిగ్గా ఇక్కడే. 2005లో అమెరికాలో ఓ తండ్రి తన పాపని ఫొటో తీశాడు. వెనకాల ఇల్లు తగలబడుతుంటే ముందు ఆ పిల్ల గడుసుగా నవ్వుతుంటుంది. ఇంటర్నెట్‌లో దాన్ని వాడుకోనివాళ్లు లేరు. 2021 ఏప్రిల్‌లో, పెద్దదైన ఆ అమ్మాయే దాన్ని ఎన్ఎఫ్‌టీగా, అంటే 'అసలు యజమాని ఫలానా' అని చెప్పే డిజిటల్ పత్రంగా అమ్మింది. 180 ఈథర్లు వచ్చాయి. దాదాపు ఐదు లక్షల డాలర్లు! పైగా, ఆ పత్రం ఎప్పుడు చేతులు మారినా పది శాతం తమకే వచ్చేలా ఏర్పాటు చేసుకున్నారు. మధ్యలో గ్యాలరీ లేదు, కోర్టు లేదు. స్వేచ్ఛ అంటే ఇదే కదా అన్నారంతా.

అసలు తిరకాసు ఆ తర్వాత బయటపడింది. ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు అన్నది చెరపడానికి వీల్లేని ఖాతాలో పడుతుంది, నిజమే. కానీ ఆ పది శాతం కోసి ఇచ్చే పని చాలావరకు అమ్మకాలు జరిపే వెబ్‌సైట్లది. 2022లో పోటీ సైట్లు వాటా తగ్గించి బేరగాళ్లని లాక్కున్నాయి. 2023 ఆగస్టులో పెద్ద అంగళ్లలో ఒకటైన ఓపెన్‌సీ కూడా ఇక వాటా తప్పనిసరి కాదని ప్రకటించింది. ఇచ్చేవాడి ఇష్టం! గ్యాలరీ యజమానిని తప్పించుకుని వచ్చినవాళ్లు చివరికి ఇంకో దుకాణదారు దయ మీద పడ్డారు.

ధరల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2021 నవంబరులో 4,800 డాలర్లు దాటిన ఈథర్, 2022 జూన్‌కి వెయ్యి దిగువకి జారింది. మన దగ్గరైతే 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను. కొన్న ఖర్చు తప్ప మిగతా ఖర్చులేవీ లెక్కలో తగ్గించుకోనివ్వరు. ఇందులో వచ్చిన నష్టాన్ని వేరే ఆదాయంలో సర్దుకోనివ్వరు కూడా.

కొడిమ్యాల ఫొటోగ్రాఫర్ చేతిలో ఇప్పటికిప్పుడు ఉన్న దారి టోకెన్ల కంటే చాలా చవక. పెళ్లివాళ్ల దగ్గర బయానా తీసుకునేటప్పుడు 'ఫొటోల కాపీరైట్ స్టూడియోదే' అని కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకాలు చేయడమే. చట్టంలో ఆ వెసులుబాటు మొదటినుంచీ ఉంది.