ఇంటిపేరా, వరుసా?

మన ఇండ్లలో మనిషిని చెప్పడానికి రెండు పద్ధతులున్నవి. ఇంటిలో “బాబాయి” అంటే చాలును. అదే మండల ఆఫీసులో చెప్పవలసివస్తే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వ్రాయక తప్పదు. మన పిల్లలలో పలువురు నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాస్తున్నారు గదా. వారిని తరచు తికమకపెట్టే విషయమొకటి ఇటువంటిదే.

పైథాన్ భాషలో ప్రోగ్రామును చిన్న చిన్న ఫైళ్లుగా విభజించి వ్రాస్తారు. ఒక్కొక్క ఫైలు ఒక మాడ్యూలు. వాటిని దాచిన ఫోల్డరు ప్యాకేజీ. ఒక మాడ్యూలు మరొకదానిని వాడుకొనదలిస్తే “ఇంపోర్టు” చేసుకోవలెను. “దుకాణం” అనే ప్యాకేజీలో “లెక్కలు”, “సరుకు” అని రెండు లోపలి ప్యాకేజీలున్నవనుకుందాము. “లెక్కలు”లో “ఖాతా”, “పన్ను” అనే మాడ్యూళ్లున్నవి. “ఖాతా”కు “పన్ను” కావలెను. “దుకాణం.లెక్కలు.పన్ను” అని మొదటినుండి వ్రాస్తే అది అబ్సల్యూట్ ఇంపోర్టు, ఇంటిపేరుతో చెప్పడమన్నమాట. ముందు ఒక్క చుక్క పెట్టి “పన్ను” అంటే రిలేటివ్ ఇంపోర్టు. మా ఇంటిలోనిదే అని అర్థం. రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు పైకి వెళ్లి “సరుకు”ను అందుకోవచ్చును.

రేపు “దుకాణం” పేరును “అంగడి” అని మార్చినారనుకొనండి. పూర్తి పేరుతో వ్రాసిన పంక్తులన్నీ దిద్దవలెను. చుక్కలతో వ్రాసినవి చెక్కుచెదరవు. అయితే చుక్కలకూ ఒక చిక్కున్నది. “ఖాతా” ఫైలును నేరుగా నడిపితే, తాను ఏ ప్యాకేజీకి చెందినదో దానికి తెలియదు. ఇల్లేదో తెలియనప్పుడు బాబాయి ఎవరని చెప్పడం? పైథాన్ తప్పు చూపి ఆగిపోతుంది. దీనికి ఉపాయం సులభమే. “దుకాణం” ఫోల్డరు ఉన్నచోటి నుండి, పైథాన్‌కు “మైనస్ ఎమ్” అనే గుర్తు ఇచ్చి, “దుకాణం.లెక్కలు.ఖాతా” అని పూర్తి పేరుతో నడపవలెను.

పూర్వం పైథాన్ 2లో ప్యాకేజీ లోపల చుక్క లేని ఒట్టిపేరు చెప్పినా ముందు పక్కనే వెదికేది. భాషతోపాటు వచ్చే మాడ్యూలు పేరే మన ఫైలుకూ ఉంటే, ఒకటి అడిగితే మరొకటి వచ్చేది. 2006లో వెలువడిన 2.5తో చుక్కల పద్ధతి వచ్చినది. 2008 నాటి పైథాన్ 3.0 నుండి ఒట్టిపేరంటే అబ్సల్యూటే.

పైథాన్ వారి వ్రాత నియమాలు పూర్తి పేరునే సిఫారసు చేస్తున్నవి. పేరు మరీ పొడవైనచోట చుక్కలకూ ఒప్పుకున్నవి. మేమూ క్రొత్తగా నేర్చుకొనేవారికి అదే చెబుతాము. ముందు పూర్తి పేరుతో వ్రాయండి. ప్యాకేజీ పెరిగి, లోపలి పొత్తు స్థిరపడిన తరువాత చుక్కలను వాడండి.