జైలుకూ ఇంటికీ మధ్య.. ఆక్యుపేషనల్ థెరపిస్టు ఏం చేస్తారు?

తాండూరులోని ఓ నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే యువకుడికి ఎవరో తనను బెదిరిస్తున్నట్టు మాటలు వినిపిస్తున్నాయనుకుందాం. ఆ భయంలోనే ఒక రోజు తోటి కార్మికుడిని గాయపరిచాడు. పోలీసులు కేసు పెట్టారు. కేసు వికారాబాద్ కోర్టుకు వెళ్లింది. అక్కడ ఏం జరుగుతోందో అతనికి అర్థం కావడం లేదు. ఇది ఉదాహరణ మాత్రమే. కానీ మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలా జరిగితే ఆ మనిషి ఎక్కడికి వెళ్తాడు? తిరిగి ఎలా వస్తాడు?

కోర్టు ఏం చేస్తుంది?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367 నుంచి 378 వరకు సెక్షన్లు ఇలాంటి కేసుల గురించే. నిందితుడు తన వాదన వినిపించుకోలేని స్థితిలో ఉన్నాడని తేలితే, ప్రాథమిక ఆధారాలున్న కేసులో విచారణను వాయిదా వేస్తారు. ఆసుపత్రిలోనే ఉంచాల్సిన అవసరం లేనప్పుడు సెక్షన్ 369 కింద బెయిల్‌కు వీలుంది. నేరం నాన్‌బెయిలబుల్ అయినా సరే. అయితే క్రమం తప్పకుండా చికిత్స చేయిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూస్తామని బంధువో, స్నేహితుడో హామీ ఇవ్వాలి. బెయిల్ కుదరకపోతే మానసిక చికిత్స అందే చోట ఉంచాలి. తెలంగాణలో అలాంటి ప్రధాన కేంద్రం హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం.

థెరపిస్టు పని ఎక్కడ మొదలవుతుంది?

మందులతో ఆ మాటలు తగ్గొచ్చు. కానీ నెలల తరబడి వార్డులో ఉన్న మనిషికి వేళకు లేవడం, వంట చేసుకోవడం, చిల్లర లెక్క చూసుకోవడం, నలుగురితో కలిసి పనిచేయడం కష్టమవుతాయి. వాటిని మళ్లీ అలవాటు చేయించేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఇక్కడ 'ఆక్యుపేషన్' అంటే ఉద్యోగం ఒక్కటే కాదు, మనిషి రోజూ చేసుకునే పనులన్నీ.

కేసు ఉన్న రోగుల దగ్గర ఈ పనికి జాగ్రత్త ఎక్కువ కావాలి. కూరగాయలు తరగడం నేర్పాలన్నా, కత్తి ఎవరి చేతికి ఎప్పుడివ్వాలో వైద్య బృందం కలిసి నిర్ణయించుకోవాలి. కత్తెరలు, సూదులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి. చెప్పిన మాట ఎంతవరకు గుర్తుంటోంది, పని చెడితే కోపం ఎలా వస్తోంది అన్నది గమనించి రాసుకోవాలి.

ఆ వివరాలు డాక్టర్ల నివేదిక ద్వారా కోర్టు దాకా వెళ్లొచ్చు. సాయం చేసేదీ, గమనించి చెప్పేదీ ఒకే మనిషి. అందుకే ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి. లేకపోతే నమ్మకం నిలవదు.

తిరిగి పనిలోకి వెళ్లొచ్చా?

మన ఉదాహరణలోని యువకుడినే తీసుకోండి. నిద్రమత్తు కలిగించే మందులు వాడుతూ రాయి కోసే యంత్రం దగ్గర నిలబడటం ప్రమాదం. యంత్రాల హోరు అతని భయాన్ని పెంచుతుందా? నైట్ షిఫ్ట్ వల్ల మాత్రల వేళ తప్పుతుందా? వీటిని చూసి థెరపిస్టు వేరే పని సూచించొచ్చు. లోడు లెక్క రాయడమో, కంది చేనులో పనో కావచ్చు. ప్రతిసారీ సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని ఎర్రగడ్డకు వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. అందుకే దగ్గర్లో చూపించుకునే ఏర్పాటు కూడా ముందే ఆలోచించాలి.

ఇంట్లోవాళ్లు రానంటే?

అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. విచారణ జరగకుండానే 54 ఏళ్లు గడిచాయి. 2005లో విడుదలయ్యే నాటికి ఆయన వయసు 77.

కుటుంబం లేదనో, ఒప్పుకోలేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 19 చెబుతోంది. అయితే కోర్టు ఆదేశంతో చేరినవారిని పంపాలంటే మళ్లీ కోర్టు అనుమతి కావాలి. 'ఇంటి దగ్గర ఎలా బతుకుతాడు?' అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబుంటే ఆ అనుమతి అడగడం సులువు. ఆ జవాబు తయారీలో థెరపిస్టు పాత్ర పెద్దది.

ఈ వృత్తిలోకి ఎలా వెళ్లాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత బీఓటీ డిగ్రీ చేయాలి. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని గుర్తించింది. కానీ 2017 చట్టం సెక్షన్ 55 కింద రాష్ట్రాలు రిజిస్టర్ చేయాల్సిన మానసిక ఆరోగ్య నిపుణుల్లో క్లినికల్ సైకాలజిస్టులు, నర్సులు, సోషల్ వర్కర్లే ఉన్నారు. ఆక్యుపేషనల్ థెరపిస్టుల పేరు లేదు.

మీరు ఏం అడగాలి?

• లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే వికారాబాద్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మానసిక రోగులకు ఉచిత న్యాయ సహాయం వారి హక్కు.

• డిశ్చార్జికి ముందు చికిత్స ప్రణాళిక గురించి మీతో మాట్లాడమని అడగండి. సెక్షన్ 98 ప్రకారం అది అవసరం. మందుల చీటీతో పాటు రోజువారీ పనులు, ఉపాధి గురించి కూడా అందులో రాయమనండి.

• ఇంటికొచ్చాక మళ్లీ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.