మూసీ ఒడ్డున... చింతచెట్టు దాకా!

శామీర్‌పేట చెరువు గట్టున షికార్లు ఎప్పుడూ ఉండేవే. ఈ ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని మేడ్చల్‌ నుంచి పురానాపూల్‌ దాకా వెళ్లి, మూసీ వెంట నడవండి. పాతబస్తీ తెలిసిన పెద్దాయనెవరైనా తోడుంటే మరీ మంచిది.

1578 నాటి వంతెన అది. మహమ్మద్‌ కులీ, భాగమతిల ప్రేమ కోసమే కట్టారంటారు. అప్పటికి రాకుమారుడికి పట్టుమని పదమూడేళ్లు! అక్కణ్నుంచి సిటీ కాలేజీ, 1920లో తెరిచిన హైకోర్టు గుమ్మటాలు చూసుకుంటూ వచ్చి నయాపూల్‌ దాటితే ఉస్మానియా ఆసుపత్రి. పాతభవనానికి 2020లో తాళం పడింది. ఆవరణలో చింతచెట్టు మాత్రం అలాగే ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. కవి అమ్జద్‌ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నారు. ఈ చెట్టెక్కిన 150 మంది దాకా బతికి బయటపడ్డారు. పిల్లల్ని ఆ కొమ్మల కేసి ఓసారి తలెత్తి చూడమనండి.