కరక్కాయ వగరు: బట్టకు ఎంతవరకు కాపు?

ఆశ్వయుజ కార్తీక మాసములలో ముసురు పట్టినప్పుడు మన ఇండ్లలో ఏమి జరుగునో చేనేత సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. గంజి పెట్టిన పడుగు ఆరదు. మొదట పులుపు వాసన వచ్చును. తరువాత నల్లని చుక్కలు కనిపించును. గంజి మనిషికి ఎంత బలమో బూజుకును అంతే బలము. మరక పడిన చీరకు కూలి తగ్గును. పడుగు చివికి తెగినచో వారము రోజుల పని నీళ్లపాలగును. ఇట్టి వేళ పెద్దలు కరక్కాయ, పసుపు, దానిమ్మ తొక్క పేర్లు చెప్పుచుందురు. ఆ మాటలో నిజమెంతయో, హద్దు ఎక్కడనో తెలిసికొనుట మన వృత్తికి మంచిది.

కరక్కాయ ముక్క నోట వేసికొనుడు. నాలుక ముడుచుకొనును. ఉమ్మిలోని మాంసకృత్తులను కరక్కాయలోని టానిను పట్టివేయుటయే దీనికి కారణము. టానినులు ఫినాలు జాతి పదార్థములు. ఆరు కర్బన పరమాణువుల వలయము, దానికి అంటిన ఆమ్లజని, ఉదజనుల జంట, ఇదే ఆ జాతి గుర్తు. పురుగులనుండి, తెగుళ్లనుండి కాచుకొనుటకు చెట్లు వీనిని తయారుచేసికొనును. 1867లో ఇంగ్లీషు వైద్యుడు జోసెఫ్ లిస్టరు గాయములు చీము పట్టకుండ వాడి చూపిన కార్బాలిక్ ఆమ్లము కూడ ఫినాలే. అయితే అది బొగ్గుతారునుండి తీసినది. పసుపులోని కుర్కుమిను సూక్ష్మజీవులను అణచునని 1949లో నేచర్ పత్రికలో ప్రకటించిరి.

టానిను పనిచేయు విధము మూడు తెరగులు. ఒకటి, సూక్ష్మజీవుల మాంసకృత్తులను పట్టి వాని పని ఆపును. తంగేడు చెక్కతో పచ్చితోలును ఊనుటలో ఉన్నది ఈ పట్టే. రెండు, సూక్ష్మజీవి పెరుగుటకు కావలసిన ఇనుమును దానికి దక్కకుండ చేయును. మూడు, వాని పైపొరను దెబ్బతీయును.

రెండవ గుణమును మనవారు ఏనాడో కంటితో చూచియున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేసిన తరువాతనే కలము పట్టుదురు. పాలలోని కొవ్వు రంగు పాకకుండ ఆపును. బెల్లముతో తుప్పు ఇనుము పులియబెట్టిన నీరు తగిలినంతనే గీత నల్లబడును. అక్కడ టానిను ఇనుమును పట్టుకొన్నది. బట్టపై నలుపు నిచ్చునదియు, సూక్ష్మజీవిని పస్తు పెట్టునదియు ఒకే పట్టు.

మన కృష్ణగిరి సీమకు ఈ సంగతి మరింత దగ్గర. మామిడి రసము ఆడించు కార్ఖానాలనుండి టెంకలు గుట్టలుగా వచ్చును. ఆ టెంకలోని జీడియందు టానినులు మెండు. దాని కషాయము పలు రకముల సూక్ష్మజీవులను అణచినట్లు ప్రయోగశాలలలో చూచియున్నారు. హోసూరు చుట్టుపట్ల మల్బరీ తోటలు, పట్టుపురుగుల పెంపకము కలవు. పట్టు స్వయముగా మాంసకృత్తు గనుక టానినును గట్టిగా పట్టును. నూలుకు ఆ గుణము తక్కువ. పటిక తోడు కావలెను.

రంగు వేయువారికి కొలత ఇది. కిలో నూలుకు 150 నుండి 200 గ్రాముల కరక్కాయ పొడి. తమిళ అంగళ్లలో కడుక్కాయి అని అడిగిన ఇత్తురు. నూలును ముందు బాగుగా ఉడికించి జిడ్డు తీయవలెను. రాత్రంతయు కరక్కాయ నీటిలో ఉంచి, పిండి, కడుగకుండనే ఆరవేసి, పిదప పటిక నీటిలో ముంచవలెను. ఇనుప పాత్ర కూడదు, నూలు నల్లబడును. ఇనుముతో వేసిన నలుపు కాలక్రమమున నూలును చివికించును గనుక దానిని మితముగా వాడవలెను. పసుపు రంగు ఎండకు వెలియును.

ఇక హద్దులు. తెల్ల నూలు గంజిలో కరక్కాయ కలుపరాదు, రంగు మారును. కషాయము నిలువ ఉంచినచో దానికే బూజు పట్టును. ఏలన ఆస్పర్జిల్లస్ నైజర్ అను నల్లబూజు టానినును విరిచి తినగలదు. కాబట్టి పడుగుకు మొదటి మందు ఏనాటి గంజి ఆనాడు కాచుట, పలుచగా కుంచె పట్టుట, గాలి ఆడునట్లు ఆరవేయుట. ముసురులో పెద్ద పడుగుకు ఒకేసారి గంజి పెట్టకుండుట మేలు. బూజునకు ఒకప్పుడు విరివిగా వాడిన పెంటాక్లోరోఫినాలు జోలికి మాత్రము పోరాదు. అదియు ఫినాలే గాని విషము. 2015లో స్టాక్‌హోమ్ ఒడంబడికలో నిషేధపు పట్టిక కెక్కినది.

చివరి మాట అమ్మకమును గూర్చి. బెంగుళూరు కొనుగోలుదారు “ఈ బట్ట క్రిములను చంపునా?” అని అడుగవచ్చును. గాజు పాత్రలో కషాయము చేసిన పని, పది ఉతుకుల తరువాత బట్ట చేయునని చెప్పలేము. పరీక్షలో బట్టపై సూక్ష్మజీవులను ఉంచి, ఒక దినము తరువాత ఎన్ని మిగిలినవో లెక్కింతురు. ఉతికిన బట్టను మరల చూతురు. కోయంబత్తూరులో 1956లో నెలకొన్న దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘము, అనగా సిట్రా, ఇట్టి పరీక్షలు చేయును. ఒక్కొక్క ఇంటికి ఖర్చు భారమైనచో పదిమంది కలిసి ఒక నమూనా పంపవచ్చును. ఫలితము చేతికి వచ్చువరకు “కరక్కాయతో రంగు కట్టినది” అని మాత్రమే చెప్పుదము. ఆ మాట నిజము. నిజము చెప్పి అమ్మిన చీరకు కొన్నవారు మరల మన గడపకే వత్తురు.